ఏనుగు పిల్లకు మేకపాలు

రవి: అందరికీ నమస్తే. సుజాతక్క ఫ్యాన్ ఆపేసింది, ఇగ మొదలుపెడదాం.

సుజాత: ఆపకపోతే మన శ్రోత నల్లగొడుగు గారు రొద వస్తోందని మళ్ళీ రాస్తారు.

రవి: రాయనియ్యి. ఆయన రాస్తెనే మనకు ధైర్యం. సరే, ఇవ్వాళ్టి ముచ్చట ఏందో పోయిన వారమే చెప్పినం. ఉత్తర కెన్యాల తల్లి లేని ఏనుగు పిల్లలను సాకుతున్న సంబురు తెగ ఆడవాళ్ళు. రెటేటి అనే చోటు. ఏనుగుల గురించే మాట్లాడుతం.

సుజాత: అంత గట్టిగా ఎవరికి చెప్తున్నావు?

రవి: నువ్వు ముచ్చటను పక్కకు తోలుతవని ఆదోని ఎపిసోడ్ విన్నోళ్ళకు తెలుసు అక్కా.

సుజాత: కానీ, కానీ. నువ్వు మొదలుపెట్టు.

రవి: నైరోబీ నుంచి ఉత్తరం దిక్కు పోతె, మౌంట్ కెన్యా దాటి, ఇసియోలో పట్నం దాటినంక, ఆర్చర్స్ పోస్ట్ కాడ సంబురు కౌంటీ వస్తది. వాన తక్కువ, తుమ్మచెట్లు, ఎర్రమట్టి. మాథ్యూస్ కొండలని ఉన్నయి, వాటి కింద నమున్యాక్ అని ఊరోళ్ళు 1995ల పెట్టుకున్న సంరక్షణ ప్రాంతం. వాళ్ళు కన్సర్వెన్సీ అంటరు. దాంట్లనే 2016ల రెటేటి మొదలైంది. ఆఫ్రికా మొత్తంల స్థానిక జనమే సొంతంగ నడుపుకునే ఏనుగుల ఆశ్రమం అప్పటిదాక లేదు. ఇదే మొదటిది. సాకేటోళ్ళల్ల సంబురు ఆడపిల్లలు ఉన్నరు. ఆ పని అంతకుముందు మగవాళ్ళదే.

సుజాత: పిల్లలు తల్లిని ఎట్ల పోగొట్టుకుంటాయో చెప్పు. అది చెప్పకుంటే మిగతాది అర్థం కాదు.

రవి: దంతాల కోసం వేట ఒకటి. కరువు ఒకటి. ఇంకోటి చెలిమలు. వాగు ఎండితే సంబురు వాళ్ళు ఇసుకల లోతుగ చెలిమ తవ్వుతరు. ఒకరి మీద ఒకరు మెట్లు మెట్లుగ నిలబడి నీళ్ళు పైకి అందిస్తరు, అందించుకుంట పాడుతరు. ఎవరింటి పాట వాళ్ళదే. పాట విని ఆ ఇంటి పశువులే ముందుకొస్తయి. ఇగ పొద్దుగూకినంక అదే చెలిమకు ఏనుగులొస్తయి. పిల్ల జారి పడ్డదనుకో, తల్లి తీయలేదు. తెల్లారితె మనుషులొస్తరని మంద వెళ్ళిపోతది.

సుజాత: పడిన పిల్లను తెల్లారి చూసేది నీళ్ళకు పోయిన ఆడవాళ్ళే. ముందురోజులైతే ఏం చేసేవాళ్ళు? నీళ్ళు పాడైపోతాయని విసుక్కునేవాళ్ళు. ఇప్పుడు రెటేటికి కబురు పోతుంది. సరే, ఇంక నేను పాల దగ్గరికి వస్తా.

రవి: అప్పుడేనా?

సుజాత: అప్పుడే. నేను పశువుల డాక్టర్ని, పాల గురించి నేను కాక ఎవరు చెప్తారు? ఏనుగు పిల్లకు ఆవుపాలు పడవు. అందులో కొవ్వు దానికి అరగదు, విరేచనాలు పట్టుకుని చచ్చిపోతుంది. నైరోబీలో డాఫ్నే షెల్డ్రిక్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి దీనితోనే కుస్తీ పట్టింది. పసిపిల్లల డబ్బాపాలలో కొబ్బరినూనె కలిపితే పడుతుందని చివరికి తేల్చింది. లోకంలో ఏనుగు పిల్లలను సాకేవాళ్ళు చాలామంది అదే దారిలో పోయినారు. రెటేటిలో కూడా మొదట డబ్బాపాలే. 2020లో కోవిడ్ వచ్చింది, డబ్బాలు రావడం కష్టమైంది. అప్పుడు చుట్టూ చూసుకున్నారు. చుట్టూ ఏముంది?

రవి: వచ్చింది.

సుజాత: మేక! చుట్టూ మేకలున్నాయి. మేకపాలలో కొవ్వు సన్నటి బొట్లుగా ఉంటుంది, తొందరగా అరుగుతుంది. మరగబెట్టి, కావలసినవి కలిపి పట్టినారు. పిల్లలు నిలబడినాయి. సీసా నోట్లో పెట్టుకుని, తొండం సాకే అమ్మాయి భుజం మీదకు విసిరేసి, కళ్ళు మూసుకుని తాగుతాయి. పొద్దునే ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు పాలు తెస్తారు. పాలలో నీళ్ళున్నాయా, విరిగే పాలా అని అక్కడ పరీక్ష చేస్తారు. కొలిచి డబ్బు ఇస్తారు. వందల మంది ఆడవాళ్ళు పోస్తున్నారు. మా దగ్గర మేక అంటే ఏం చెప్తారు? అడవిని తినేసే జంతువు అని. 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచి అదే మాట. మేకను రిజర్వు అడవిలోకి రానివ్వకూడదు, మేక వస్తే మొలక బతకదు. అడవిని రైలు స్లీపర్లకు నరికింది మేకా? బొగ్గుకు కాల్చింది మేకా?

రవి: అక్కా, ఇది నాలుగు ఎపిసోడ్లల్ల చెప్పినవ్.

సుజాత: నలభై ఎపిసోడ్లలో చెప్తా. చెప్పకపోతే ఎవరు చెప్తారు?

రవి: ఒక ప్రశ్న అడుగుత. పాలు ఏనుగులకు పోస్తె, ఇంట్ల పిల్లలకు తక్కువ కావా?

సుజాత: సరైన ప్రశ్న. అవుతాయి, కరువులో అవుతాయి. ఆ దిక్కున 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకాలాలు తప్పినాయి. కెన్యాలో 25 లక్షలకు పైగా పశువులు చచ్చినాయి. 2022లో ఫిబ్రవరి నుంచి అక్టోబరు లోపల 205 ఏనుగులు చచ్చిపోయినాయని వాళ్ళ ప్రభుత్వమే చెప్పింది. పొదుగు ఎండినప్పుడు ఏనుగు పిల్లకూ లేదు, మనిషి పిల్లకూ లేదు. అయినా నేను ఆ పాల డబ్బును ఎందుకు పట్టుకుని కూర్చున్నానంటే, సంబురుల్లో పశువు మగవాడిది, పాలు ఆడమనిషివి. ఏ ఆవును అమ్మాలి, ఏ పిల్ల ఇంటికి కన్యాశుల్కంగా తోలాలి అని తేల్చేది మగవాళ్ళు. పిండేది, ఇంట్లో ఎవరికి ఎంత పోయాలో తేల్చేది, మిగిలితే అమ్మేది ఆమె. రెటేటి పశువును కొనలేదు, పాలు కొన్నది. డబ్బు నేరుగా ఆమె చేతికి పోయింది. ఏనుగు బతకడం ఆమె లెక్కలోకి వచ్చింది.

రవి: సింహాల కాడ కూడ అసొంటిదే ఉన్నది. ఎవాసో లయన్స్ అని షివాని భల్లా 2007ల మొదలుపెట్టింది, అదే సంబురు ప్రాంతంల. మొదట మొరాన్లను, అంటే కుర్ర యోధులను తీసుకున్నరు కాపలాకు. 2013ల ఆడవాళ్ళే వచ్చి అడిగిన్రు: మమ్మల్ని ఎందుకు అడగరు, రోజూ సింహం అడుగులు చూసేది మేమే గదా అని. బదులుగ ఏం కావాలంటె చదువు కావాలన్నరు. అట్ల పుట్టింది మామా సింబా అనే ఆడవాళ్ళ దళం.

సుజాత: అవును. కట్టెలకు, నీళ్ళకు పోయేది వాళ్ళే. దొడ్డి దగ్గర లేగదూడలను చూసేది వాళ్ళే. దొడ్డి కంపలో కంత ఉందో లేదో ఇంట్లో మొదట తెలిసేది ఆమెకే. సింహం రాకపోతే దూడ పోదు, దూడ పోకపోతే ఎవడూ ఈటె తీసుకుని సింహం మీదికి పోడు.

రవి: ఏనుగుల మీదికి వద్దాం మళ్ళ.

సుజాత: వద్దాం. కానీ పాలు అన్నావు కదా, పాలు అంటే నాకు వజీర్ బజారు గుర్తుకొస్తుంది.

రవి: నేనన్లేదు, నువ్వన్నవ్.

సుజాత: ఎవరో ఒకరు అన్నారు. వజీర్ చెప్పకుండా రెటేటి చెప్తే సగమే చెప్పినట్టు. వజీర్ తూర్పు దిక్కున, సోమాలియా సరిహద్దు దగ్గర. అక్కడుండేది కెన్యా సోమాలీలు. ఒంటెలు, మేకలు. 1991లో సోమాలియాలో ప్రభుత్వం కూలిపోయింది. జనం సరిహద్దు దాటి వచ్చినారు, తుపాకులూ వచ్చినాయి. అప్పుడే కరువు. మందలు పోయినాయి. అజురాన్, దెగోదియా, ఒగాదెన్ తెగల మధ్య చంపుకోవడాలు మొదలైనాయి. బజారులో పాలు అమ్ముకునే ఆడవాళ్ళు కూడా ఒక తెగ వాళ్ళు ఇంకో తెగ వాళ్ళకు అమ్మరు, ఇంకో తెగ ఆమె వస్తే కూర్చోనివ్వరు, కొట్టి తరుముతారు.

రవి: ఇది చాలామంది వదిలేస్తరు అక్కా. శాంతి అంటె ఆడవాళ్ళు, యుద్ధమంటె మగవాళ్ళు అని రాసేస్తరు. అట్ల కాదు. సంబురుల కూడ, దాడికి పోని కుర్రోళ్ళను ఎద్దేవ చేస్త పాడేది ఆడపిల్లలే. మంద తోలుకొచ్చినోని మీద పాట కడ్తరు.

సుజాత: అందుకే కదప్పా వాళ్ళు మానేస్తే ఆగింది! యుద్ధంలో భాగం లేని మనిషి మానేస్తే ఎవరికి పట్టింది? వజీర్‌లో దేఖా ఇబ్రహీం అబ్ది అని ఒకామె. 1964లో పుట్టింది. టీచరుగా పనిచేసింది. 1992లో ఒక రాత్రి కాల్పులు మొదలైతే పసిబిడ్డను తీసుకుని మంచం కిందకు దూరింది. పొద్దున వాళ్ళమ్మ అన్నదట, నువ్వు చిన్నదానిగా ఉన్నప్పుడు నిన్ను నేనూ ఇట్లనే మంచం కింద దాచినా అని. అరవైలలో అక్కడ షిఫ్తా యుద్ధం జరిగింది, సోమాలియాలో కలుస్తామని కెన్యా సోమాలీలు చేసిన తిరుగుబాటు. ఆ మాట విన్నాక ఆమె ఊరుకోలేదు. ఒక పెళ్ళిలో కలిసిన ఆడవాళ్ళతో మాట మొదలుపెట్టింది. వేరు వేరు తెగల వాళ్ళు. మొదట ఏం చేద్దాం? కాల్పులు ఆపలేరు. తుపాకి వాళ్ళ మాట వినదు. బజారు వింటుంది. బజారులో ఎవరైనా అమ్మొచ్చు, ఎవరైనా కొనొచ్చు, ఎవరి మీదైనా చెయ్యి పడితే కమిటీకి చెప్పాలి. అన్ని తెగల ఆడవాళ్ళతో కమిటీ వేసి బజారులో కాపలా కూర్చున్నారు.

రవి: పాల బజారుల.

సుజాత: పాలు, కూరగాయలు, పుల్లలు. ఆ పాలగిన్నెలు తెలుసు కదా, లోపల పొగ పెడతారు. మండుతున్న పుల్లను గిన్నెలో దూర్చి, మూత పెట్టి ఊపుతారు, బూడిద తుడిచేసి పాలు పోస్తారు. ఎండలో రోజంతా కూర్చున్నా పాలు తొందరగా విరగవు. పొగకు సూక్ష్మజీవులు చస్తాయి. ఇది ఏ కాలేజీలో చెప్పినారు వాళ్ళకు? సరే. రెండు తెగల ఆడవాళ్ళు పక్కపక్కన గిన్నెలు పెట్టుకుని కూర్చుంటే, ఆ సాయంత్రం ఇంటికి పోయి ఏం చెప్తారు? బజారు నిలబడినాక పెద్దమనుషుల దగ్గరికి పోయినారు. నేరుగా పెద్ద తెగలవాళ్ళ దగ్గరికి పోలేదు. కొట్లాటలో లేని చిన్న తెగ పెద్దమనిషిని మధ్యవర్తిగా నిలబడమన్నారు. 1993లో అల్ ఫతా ఒప్పందం రాసుకున్నారు. తర్వాత పెద్దలు, మతగురువులు, ఆడవాళ్ళు, పోలీసు అధికారులు కలిసి ఒక దళం. యాడైనా మంద పోయిందని కబురొస్తే ప్రతీకారానికి ముందే వీళ్ళు అక్కడుండాలి. 1995లో అది జిల్లా పరిపాలనలో భాగమైంది. దాన్ని చూసే కెన్యాలో మిగతా జిల్లాల్లో శాంతి కమిటీలు పెట్టినారు.

రవి: 2007ల ఆమెకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2008ల ఎన్నికల తర్వాత దేశం కాలిపోతున్నప్పుడు కూడ మధ్యల నిలబడ్డోళ్ళల్ల ఆమె ఉన్నది.

సుజాత: 2011 జులైలో రోడ్డు ప్రమాదం. నలభై ఏడేళ్ళు కూడా లేవనుకుంటా. భర్త కూడా అదే ప్రమాదంలో పోయినాడు.

రవి: ...

సుజాత: కొందరి పని చదువుతుంటే, వీళ్ళు ఇంకో ఇరవై ఏళ్ళు ఉంటే అనిపిస్తుంది. నాకు ఆమె గురించి అట్లనే అనిపిస్తుంది. కానీ. నీళ్ళు తాగుతా.

రవి: తాగు. (కొద్దిసేపు) నేను జోసెఫీన్ ఎకిరు గురించి చెప్త ఈలోపల. తుర్కానా మనిషి, ఇసియోలో కౌంటీ. అక్కడ తుర్కానా వాళ్ళకు, బోరానా వాళ్ళకు గడ్డి మీద, నీళ్ళ మీద చంపుకునేదాక గొడవలు. నకుప్రాట్-గోటు అని ఈ రెండు తెగలు కలిసి నడిపే కన్సర్వెన్సీ ఒకటుంది. దానికి అధ్యక్షురాలు అయింది. ఆడమనిషి సభల మాట్లాడుడే తప్పనే చోట. ఏనుగుల వేటగాళ్ళు తుపాకి ఎక్కుపెట్టి బెదిరించినా వాళ్ళతోనే మాట్లాడి మార్చిందంటరు. 2021ల అమెరికాల యుఎస్ఐపి అనే శాంతి సంస్థ ఆమెకు అవార్డిచ్చింది.

సుజాత: చూడు, అడవీ శాంతీ ఒకే మనిషి చేతిలోకి వచ్చినాయి. తుర్కానా కుర్రాడూ బోరానా కుర్రాడూ ఒకే కాపలా దళంలో పనిచేస్తే...

రవి: ఇక్కడనే నాకు అభ్యంతరం ఉన్నది అక్కా.

సుజాత: ఉంటుంది. చెప్పు.

రవి: ఆ కన్సర్వెన్సీలన్నిటి మీద ఒక గొడుగు సంస్థ ఉన్నది. నార్తర్న్ రేంజ్‌లాండ్స్ ట్రస్ట్. 2004ల పెట్టిన్రు. జోసెఫీన్ పనిచేసింది ఆ గొడుగు కిందనే, రెటేటి ఉన్న నమున్యాక్ కూడ దాని కిందనే. 2021ల ఇసియోలో ప్రాంతంల 165 మంది కోర్టుకు పోయిన్రు. మా మేత భూమిల మమ్మల్ని అడగకుండ కన్సర్వెన్సీ పెట్టిన్రు అని. 2025 జనవరిల తీర్పు వచ్చింది. బిలికో బులేసా, చెరబ్, ఈ రెండు కన్సర్వెన్సీలు రాజ్యాంగానికి విరుద్ధంగ పెట్టిన్రు, జనాన్ని సరిగ్గ అడగలేదు అని కోర్టు చెప్పింది. సంస్థ తుపాకి కాపలాదార్లు అక్కడ ఉండొద్దు అన్నది.

సుజాత: తెలుసు. చదివినా.

రవి: మరి ఒక్క ముక్క కూడ చెప్పకుండ ఏనుగు పిల్ల భుజం మీద తొండం వేసింది అని చెప్పుకుంట పోతె, ఆ 165 మంది ఏం కావాలె?

సుజాత: అది రెండు కన్సర్వెన్సీల మీద తీర్పు. రెటేటి మీద కాదు, నకుప్రాట్-గోటు మీద కాదు.

రవి: ఒప్పుకుంట. కని పద్ధతి అదే గదా? ఎవరో డబ్బు తెస్తరు, ఎవరో గీత గీస్తరు, ఈ నెల ఇటు మేపు, వచ్చే నెల అటు మేపు అంటరు. మేతను మార్చి మట్టిల కార్బన్ పెంచుతున్నమని 19 లక్షల హెక్టార్ల మీద కార్బన్ లెక్క కట్టిన్రు. మెటా, నెట్‌ఫ్లిక్స్ అసొంటి కంపెనీలు తాము వదిలే కార్బన్‌కు బదులుగ ఆ క్రెడిట్లు కొన్నయి. ఆ లెక్కను ధ్రువీకరించే వెర్రా అనే సంస్థ ఆ ప్రాజెక్టును రెండుసార్లు ఆపేసింది, 2023ల ఒకసారి, ఆ తీర్పు తర్వాత ఇంకోసారి. వందల ఏళ్ళ నుంచి మబ్బును చూసి మందను తోలిన జనానికి ఎక్కడ మేపాలో వేరేటోడు చెప్పుడా?

సుజాత: చెప్పకూడదు. నేను ఎప్పుడన్నా చెప్పొచ్చు అన్నానా? మేక గురించి ఇన్ని ఏళ్ళుగా నేను అరుస్తున్నది అదే కదా? మా నందికొట్కూరు పక్కన రోళ్ళపాడు ఉంది. 1988లో అభయారణ్యం అన్నారు, బట్టమేక పిట్ట కోసం. గొర్రెల కాపరులను బయట పెట్టినారు. ఆ పిట్టకు కావలసింది పొట్టి గడ్డి, విశాలమైన బయలు, దూరం దాకా కనిపించాలి. మంద తిరిగే బీడు దానికి పడుతుంది. మందను ఆపితే పిట్ట పెరుగుతుందా? చుట్టూ కాలువ నీళ్ళొచ్చినాయి, బీడు మాగాణి అయింది. జింకలు పెరిగి చేలల్లో పడినాయి, రైతుకూ అభయారణ్యానికీ పడలేదు. ఇప్పుడు పిట్టా లేదు, కాపరికీ దారి లేదు. మా గొల్ల ఆడవాళ్ళను ఒక్కసారైనా అడిగినారా, ఈ పిట్ట గుడ్డు యాడ పెడుతుంది అని?

రవి: నేను చెప్పేది అదే! 2006 అటవీ హక్కుల చట్టంల మేపుకునే హక్కు రాసే ఉన్నది, కాలాన్ని బట్టి తిరిగే పశుపోషకులకు కూడ. ఎంతమందికి పట్టా వచ్చింది? కెన్యాల కూడ అంతే. భూమి చేతుల లేకుండ నువ్వు కుర్చీ ఇచ్చినా, అవార్డిచ్చినా, నడిపేది ఇంకొకరే.

సుజాత: ఆగు. భూమి ఎవరి చేతిలో? తెగ చేతిలో అంటావు. తెగలో ఎవరి చేతిలో?

రవి: సమూహం...

సుజాత: సమూహం అంటే తుమ్మచెట్టు కింద కూర్చునే మగపెద్దలు. నీకు మోడోగాషే ఒప్పందం తెలుసు కదా, 2001. కన్సర్వెన్సీ రాయలేదు దాన్ని, దాతలు రాయలేదు. తెగల పెద్దలు కూర్చుని రాసుకున్న శాంతి ఒప్పందం. అందులో ప్రాణానికి పరిహారం ఎంత? మగవాడు చనిపోతే వంద ఒంటెలు. ఆడమనిషి చనిపోతే?

రవి: యాభై.

సుజాత: యాభై. శాంతి ఒప్పందంలోనే సగం మనిషి! వజీర్ ఆడవాళ్ళు బజారులో కూర్చుని మొదలుపెట్టిన పని, పదేళ్ళు తిరగకముందే, వాళ్ళ ప్రాణాన్ని సగానికి కొలిచే కాగితం అయింది. ఆ చెట్టు కింద వాళ్ళు కూర్చుని ఉంటే ఆ అంకె పడేదా? పరాయివాడు వేసిన కుర్చీ అని నువ్వు అంటున్నావు. నిజమే, పరాయివాడిదే. కానీ జోసెఫీన్ కూర్చున్న ఆ కుర్చీ ఆమె సొంతవాళ్ళు వేయలేదు.

రవి: కుర్చీ వేసినోడు కుర్చీ తీసేసుకుంటడు అక్కా. తీసేసుకున్నడు కూడ. 2025ల అమెరికా సాయం ఆగిపోయింది. ఆమెకు అవార్డిచ్చిన యుఎస్ఐపి ఉద్యోగులనే ఆ దేశం తీసేసింది. నార్తర్న్ రేంజ్‌లాండ్స్‌కు ఏళ్ళ నుంచి యుఎస్ఎయిడ్ డబ్బు వచ్చేది, అది బంద్. రేపు జీతాలు లేకపోతె ఆ కాపలా దళం ఏమైతది? చేతిల తుపాకి ఉన్నది, జీతం లేదు. దానికన్న భయం ఉన్నదా?

సుజాత: లేదు. అది నాకూ భయమే.

రవి: వజీర్ ఆడవాళ్ళు ఎవరి డబ్బుతో మొదలుపెట్టిన్రు? ఎవరి డబ్బూ లేదు. అందుకే నిలబడ్డది.

సుజాత: మొదట లేదు. తర్వాత కబురొస్తే జీపు కావాలి, జీపుకు డీజిల్ కావాలి. డబ్బు రాకూడదు అనడం సులువు రవీ. ఊళ్ళో దాడి జరిగి మంద పోయిందనుకో, మగవాళ్ళు వెతుక్కుంటూ పోతారు. ఇంటి దగ్గర ఆమెకు పాలు లేవు, పిల్లలకు పాలు లేవు, అమ్మడానికి ఏమీ లేదు. పాలు లేని ఇంట్లో ఆమె మాటకు విలువ కూడా లేదు. ఆ రోజు ఎవరో వచ్చి, దాడి ఆపడానికి జీపు ఇస్తాం అంటే, ఏ దేశం జీపు అని ఆమె అడగాలా?

రవి: ఆమె అడగాల్సిన పని లేదు. మనం అడగాలె. మైకు పట్టుకుని మాట్లాడేటోళ్ళం అడగాలె.

సుజాత: సరే, అడుగుదాం. నేను అడగొద్దు అనలేదు. కానీ అడిగేటప్పుడు ఆ పాలు పోసే ఆమెను పక్కకు నెట్టి అడగొద్దు. ఈ వాదన యాడ చూసినా ఇద్దరు మగవాళ్ళ మధ్యనే నడుస్తుంది. ఒకడు సంరక్షణ అంటాడు, ఇంకొకడు భూహక్కు అంటాడు. ఇద్దరికీ ఆమె ఒక ఫోటో.

రవి: ఆ మాట నాకు తగిలింది.

సుజాత: నిన్ను అనలేదు.

రవి: అన్నా ఫరవాలేదు. నాకు కోపమొచ్చేది ఎక్కడంటె, ఊరోళ్ళను అడగకుండ పెట్టిన దానికి కూడ ఆ ఫోటోనే అట్ట మీద వేస్తరు. రెటేటి పాలసీసా ఫోటో చూసినోనికి బిలికో బులేసా కనపడదు.

సుజాత: అది ఒప్పుకుంటా. పూర్తిగా ఒప్పుకుంటా. రెటేటి మంచిదైతే అది రెటేటికే చెందాలి, దాన్ని తీసుకుపోయి పక్క కన్సర్వెన్సీ మీద కప్పకూడదు.

రవి: మరి దారి ఏంది?

సుజాత: కెన్యాలో 2016 సామూహిక భూముల చట్టం ఉంది. రెటేటి మొదలైన ఏడాదే అది కూడా వచ్చింది. తెగ పేరు మీద భూమిని రిజిస్టర్ చేసుకోవచ్చు. సభ జరిపి ఏడు నుంచి పదిహేను మందితో కమిటీని ఎన్నుకోవాలి. పెళ్ళి చేసుకుని వచ్చిన కోడలు కూడా ఆ సమూహంలో సభ్యురాలే అని చట్టంలో రాసినారు. అది చిన్న మాట కాదు. వాళ్ళ 2010 రాజ్యాంగం ప్రకారం ఎన్నుకునే ఏ సభలోనూ ఒకే లింగం వాళ్ళు మూడింట రెండు వంతులకు మించకూడదు. కన్సర్వెన్సీ వస్తే ఆ కమిటీ దగ్గరికి రావాలి. భూమి వాళ్ళది, కన్సర్వెన్సీ అద్దెకుండే మనిషిలాగా ఉండాలి. కమిటీలో పాలు పిండే చేతులు ఉండాలి.

రవి: చట్టమైతె మంచిగనే ఉన్నది. రిజిస్ట్రేషన్లు చాన నెమ్మదిగ నడుస్తున్నయి. అప్పటిదాక?

సుజాత: అప్పటిదాకా పాలు పోయాలి కదా. పిల్ల మూడు గంటలకోసారి తాగుతుంది, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగదు.

రవి: దీంట్ల మనిద్దరం ఒక్కమాట మీదికి రాము అక్కా.

సుజాత: రానక్కర లేదు. నేను ఆమెను అక్కడ నిలబెట్టి మాట్లాడాలంటాను, నువ్వు ఆమె కాళ్ళ కింద నేల ఎవరిది అంటావు. రెండూ ఉండనీ.

రవి: దక్షిణ కెన్యాల ఆంబొసెలి కాడి మసాయి తెగ అమ్మాయిల టీమ్ లయనెస్ గురించి చెప్తనని రాసుకున్న. 2019ల ఎనిమిది మందితోని మొదలైన కాపలా దళం. కోవిడ్ అప్పుడు నెలల తరబడి ఇంటికి పోకుండ డ్యూటీల ఉన్నరు.

సుజాత: అది ఒక పూర్తి ఎపిసోడ్. ఇప్పుడు తొందరగా చెప్తే వాళ్ళకు అన్యాయం.

రవి: ఏనుగుల ఎపిసోడ్ అని చెప్పి ఏనుగుల గురించి ఎంతసేపు మాట్లాడినం?

సుజాత: కావలసినంత మాట్లాడినాం. మేక గురించే ఇంకా ఒకటి మిగిలింది. మేకపాలకు మారినాక పిల్లలు తేరుకున్నాయి అన్నా కదా. డబ్బాపాలంటే నౌకలో, విమానంలో రావాలి. మేక అయితే తుమ్మకాయ తిని, ముళ్ళ మధ్య ఆకు తిని, ఏనుగు తినే అడవినే తిని పాలిస్తుంది. ఆ పిల్ల పెద్దదై అదే అడవిలోకి పోవాలి. దాని కడుపుకు ఆ అడవి ముందే...

రవి: ఇది నువ్వు రుజువైన మాట చెప్తున్నవా, నీ ఆలోచనా?

సుజాత: నా ఆలోచన. డాక్టరుగా నా ఆలోచన. ఎవరైనా కుర్ర డాక్టరు దీని మీద పరిశోధన చేస్తే బాగుంటుంది. వింటున్న పశువైద్య కాలేజీ పిల్లలకు చెప్తున్నా, తిరుపతి వాళ్ళకు, రాజేంద్రనగర్ వాళ్ళకు. మేక మీద చేయండి.

రవి: నల్లగొడుగు గారు దీని మీద రాస్తరు చూడు.

సుజాత: రాయనీ. ఈసారి నేనే జవాబిస్తా. సరే, గొల్ల ఆడవాళ్ళ గురించి అన్నా కదా, మిడుతూరు దిక్కు నుంచి ఒకామెను పిలుద్దాం అనుకుంటున్నా, రోళ్ళపాడు ముచ్చట చెప్తుంది. ఆమె రానంటుంది కానీ...

రవి: ఫోన్ల మాట్లాడిద్దాం. మనమే పోదాం లేకుంటె. మంద ఎక్కడుంటె అక్కడికే పోయి రికార్డ్ చేద్దాం.

సుజాత: గాలి ఎక్కువ ఉంటుంది, మైకులో రొద వస్తుంది.

రవి: ఆ నల్ల బూరు తొడిగేది ఉంది గదా, మొన్న కొన్నది.

సుజాత: అది నీ దగ్గరుందా, నా దగ్గరుందా?